ఫండమెంటలిస్టు

ఈ మాట వినగానే ఇవాళ చాలామందికి ముస్లిమే గుర్తొస్తాడు. అది పుట్టింది మాత్రం అమెరికా ప్రొటెస్టెంట్ చర్చిల్లో. కాలిఫోర్నియా చమురు వ్యాపారి లైమన్ స్టువర్ట్, సోదరుడు మిల్టన్‌తో కలిసి 1910-15 మధ్య ‘ది ఫండమెంటల్స్’ పేరుతో 12 సంపుటాలు అచ్చువేయించి పాస్టర్లకు ఉచితంగా పంచాడు. బైబిల్లో తప్పుండదు, కన్య గర్భాన క్రీస్తు పుట్టాడు వంటి మూల విశ్వాసాలను వదలరాదన్నది వాటి సారం. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు సంపాదకుడు ఆ విశ్వాసుల కోసం ‘ఫండమెంటలిస్టు’ అనే పేరు కల్పించాడు. అప్పుడది గౌరవమే. పరిణామ సిద్ధాంతం చెప్పాడని 1925లో టెనెస్సీలో స్కోప్స్ అనే టీచరుపై కేసు నడిచాక ఎగతాళి మాటైంది. 1979 ఇరాన్ విప్లవంతో ఇస్లాంకు అంటుకుంది.

మన ‘ఛాందసుడి’దీ ఇదే దారి. ఛందస్సు అంటే వేదం. అది చదివినవాడికి పెట్టిన పేరు తిట్టుగా మారింది.

ఐదు పూటలా నమాజు చేసే తాతకూ, ఆదివారం ప్రార్థన మానని అమ్మకూ ఈ ముద్ర వేయడం అన్యాయం. బాంబు పెట్టినవాణ్ణి హంతకుడనే అనండి.