గ్రంథాలయ పఠనశాలల్లో కంప్యూటర్ చప్పుళ్ల నివారణ

పఠనశాలల్లో, పరీక్ష హాళ్లలో, ఆసుపత్రి వార్డుల్లో కంప్యూటర్లు తమంతట తాము చేసే కూతలను, మోతలను ఆపడానికి వేర్వేరు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం మైదానంలో ఈ అవసరం గ్రంథాలయాల్లో బాగా తెలుస్తుంది. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఎందరో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని చదువుకునేది అక్కడే. ఇంట్లో వేరే గది లేని విద్యార్థికి ఆ నిశ్శబ్దం పుస్తకమంత ముఖ్యం.

ఈ ప్రాంతానికి గ్రంథాలయాలు కొత్త కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలో 1914లో ఏర్పడింది. నాలుగేళ్లకు, 1918లో, వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న వేటపాలెం 1970లో ఒంగోలు జిల్లాలోకి (1972 నుంచి ప్రకాశం), 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు కట్టే సెస్సుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తున్నాయి. అంటే పఠనశాలలోని ప్రశాంతత కూడా జనం డబ్బు కట్టి నిలుపుకున్నదే.

పాతకాలపు హాళ్లకు పైకప్పు ఎత్తు, సున్నపు గోడలు, నున్నటి నేల. మెత్తటి వస్తువేదీ లేనందున చప్పుడు అణగదు, గోడ నుంచి గోడకు తగిలి తిరిగొస్తుంది. పైగా బీప్ కొట్టే చిన్న బజర్లు సాధారణంగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ స్వరంలో మోగుతాయి. మనిషి చెవి అతి చురుగ్గా పట్టుకునేది సరిగ్గా ఆ మేరనే. తిరిగే ఫ్యాను హోరును మరచిపోయి చదువుకునేవాళ్లు కూడా ఆ సన్నటి కూతకు ఉలిక్కిపడి తలెత్తేది ఇందుకే.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా స్పీకరు ఒక్కటే తగ్గిస్తే లాభం లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో సౌండ్ కార్డు లేదు గానీ లోపల చిన్న స్పీకరు ఉండేది. ఆన్ చేయగానే యంత్రం తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒకసారి, లోపముంటే వేరే వరుసలో కూసేది. డెస్క్‌టాప్‌లలో ఆ అలవాటు చాలాకాలం సాగింది. ఆపరేటింగ్ సిస్టం ఇంకా మేలుకోకముందే వచ్చే కూత గనుక మ్యూట్ బటనుకు లొంగదు. డబ్బా విప్పి, మదర్‌బోర్డుకు తగిలించిన ఆ స్పీకరు వైరు పీకేయడమే మందు. లినక్స్ వాడేచోట సిస్టం నడుస్తుండగా వచ్చే బీప్‌లను ఆపడానికి 'పీసీఎస్‌పీకేఆర్' అనే మాడ్యూలును ఎక్కకుండా చేస్తారు. టెర్మినల్లో వచ్చే గంటకు మూలం ఇంకా పాతది. టెలీప్రింటరులో నిజమైన గంట కొట్టించడానికి పెట్టుకున్న సంకేతం ఆస్కీ పట్టికలో 7వ అంకెగా నిలిచిపోయింది.

విండోస్ చప్పుళ్లకు కంట్రోల్ ప్యానెల్లోని సౌండ్ విభాగంలో 'నో సౌండ్స్' ఎంచుకుని, పక్కనే ఉన్న స్టార్టప్ సౌండ్ టిక్కు తీసేయాలి. 'నో సౌండ్స్' ఎంపిక ఒక్కో యూజరు ఖాతాకు విడివిడిగా ఉంటుంది, కాబట్టి అడ్మిన్ ఖాతాలో మార్చి ఊరుకుంటే పాఠకుల ఖాతా మోగుతూనే ఉంటుంది. విండోస్ 8లో మానేసిన ప్రారంభ సంగీతం 2021లో విండోస్ 11తో తిరిగొచ్చింది. మాక్‌లలో 2016 నుంచి కొన్ని మోడళ్లలో పోయిన ప్రారంభ నాదం 2020లో బిగ్ సర్‌తో మళ్లీ వచ్చింది, అయితే దాన్ని ఆపే మీట సెట్టింగ్స్‌లోనే ఇచ్చారు.

కీబోర్డు వల్ల వచ్చే కూతను చాలామంది పట్టించుకోరు. విండోస్‌లో షిఫ్ట్ ఒక్కటే వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ పెట్టె చప్పుడుతో తెరుచుకుంటుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవాళ్లకు అచ్చులకూ ఒత్తి పలికే అక్షరాలకూ షిఫ్ట్ కావాలి. కొత్తగా నేర్చుకునే మనిషి అక్షరం కోసం తడుముకుంటూ ఆ మీటనే మళ్లీ మళ్లీ నొక్కితే చాలు, హాలంతా తిరిగి చూస్తుంది. తప్పు ఆ మనిషిది కాదు. ఆ షార్ట్‌కట్టును ముందే తీసేసి ఉంచడం గ్రంథాలయం వారి పని.

బ్రౌజర్ల బాధ కొంత తగ్గింది. 2018 నుంచి క్రోమ్, 2019 నుంచి ఫైర్‌ఫాక్స్ ధ్వనితో తమంతట తాము మొదలయ్యే వీడియోలను చాలావరకు అడ్డుకుంటున్నాయి. ఇక చవకైన ఉపాయం, పాడైన ఇయర్‌ఫోను జాక్‌ను తీగ కోసేసి సాకెట్టులో గుచ్చి ఉంచడం. హెడ్‌ఫోను తగిలించారనుకుని కంప్యూటరు స్పీకరుకు ధ్వని పంపదు.

మన ఊళ్లలో అన్నిటికన్నా పెద్ద బాధ యూపీఎస్. కరెంటు పోగానే ప్రతి టేబుల్ కిందా ఒకటి కూయడం మొదలుపెడుతుంది, బ్యాటరీ అడుగంటేకొద్దీ ఇంకా తొందరగా కూస్తుంది. ఎండాకాలం కోతల్లో ఆరేడు డబ్బాలు ఒకేసారి మోగుతుంటే చదవడం ఎవరి తరమూ కాదు. కంప్యూటర్ సౌండ్ సెట్టింగులకు దీంతో సంబంధమే లేదు. కొన్ని మోడళ్లలో పవర్ బటన్ కాసేపు నొక్కితే ఆగుతుంది, కొన్నిటికి యూఎస్‌బీ తీగతో కలిపి సాఫ్ట్‌వేరులో ఆపాలి, కొన్నిటికి ఏ దారీ లేదు. విడి యూపీఎస్‌లు తీసేసి, హాలు బయట తగినంత శక్తి గల ఇన్వర్టరు ఒకటి పెట్టి, దాని వెనక ఉండే మీటను 'యూపీఎస్ మోడ్'కు మార్చుకోవడం మేలైన పరిష్కారం. బ్యాటరీ అయిపోవస్తోందన్న కూత అప్పుడూ ఉంటుంది గానీ అది సిబ్బందికి వినిపిస్తే సరిపోతుంది. దాన్ని పూర్తిగా నొక్కేస్తే టైపు చేసిన దరఖాస్తు చెప్పాపెట్టకుండా పోతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలాలుగా చెప్పి, అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్‌గా పెట్టాయి. ఆ జాబితాలో గ్రంథాలయం పేరు విడిగా లేదు. లోపలి నిశ్శబ్దాన్ని గ్రంథాలయమే చూసుకోవాలి.

బయాస్‌లోనే ఆడియోను ఆపేసి పాస్‌వర్డు పెడితే కంప్యూటరు దాదాపు మూగబోతుంది. కానీ చూపు లేని పాఠకులకు ఆ కంప్యూటరు ఎందుకూ పనికిరాదు. 2006లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడరు, ఈస్పీక్ గొంతుతో తెలుగును కూడా చదివి వినిపిస్తుంది. అందుకని కనీసం ఒక కంప్యూటరుకు ఆడియో అలాగే ఉంచి, హెడ్‌ఫోను కట్టి పెట్టాలి. చెవిటి పాఠకులకు అదే విండోస్‌లో ధ్వని బదులు తెర మెరిసేలా పెట్టుకునే వీలుంది. యాక్సెసిబిలిటీ విభాగంలో దాన్ని ఆన్ చేయవచ్చు.