బళ్లారి సీమలో మాట రాని బిడ్డ

నాటకాలతో తెలుగు మాటకు పేరు తెచ్చిన ఊరు బళ్లారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారి రాఘవ ఇక్కడే వెలిగారు. ఆ కాలంలో మాట రాని బిడ్డను సర్కారు పట్టించుకున్నది వైద్యానికి కాదు, లెక్కకు. జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు, 1881 నుంచి 1931 దాకా జనగణనలో చెవిటి మూగల గడి ఒకటి ఉండేది. గొంతు బాగానే ఉన్నా వినపడక మాట నేర్వని బిడ్డలెందరో ఆ గడిలోనే మిగిలిపోయారు.

ఇళ్లలో ఇంకో తీరు. మాట త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించేవారు. దానివల్ల మాట వస్తుందనడానికి ఆధారం లేదు. ఆ నమ్మకంతో ఎదురుచూసిన నెలలే అసలు నష్టం. అయితే బిడ్డను గమనించే విద్య మనకు కొత్త కాదు. నోరు విప్పి చెప్పలేని పసివాడి బాధను ఏడుపు, కదలికల్ని బట్టి పోల్చుకోవడం మీద ఆయుర్వేద గ్రంథం కాశ్యప సంహితలో ఒక అధ్యాయమే ఉంది.

మాటకంటే ముందు ఆనవాలిచ్చేది పాలు తాగే తీరు. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టినా పాలు గుంజలేడు. తాగిన కాస్తా ముక్కులోంచి వస్తుంది, మాటిమాటికీ పొలమారుతుంది, కడుపు నిండకుండానే అలసి నిద్రపోతాడు. గ్రహణం మొర్రి అయితే కంటికి కనబడుతుంది. పెదవి మామూలుగా ఉండి అంగిలి ఒక్కటే చీలితే, టార్చి వేసి నోరంతా చూస్తే తప్ప బయటపడదు. ఆ బిడ్డకే తర్వాత చెవిలో నీరు చేరి వినికిడి తగ్గవచ్చు, మాట ముక్కుతో రావచ్చు. పాలు సరిగా తాగడం లేదని తల్లి చెబితే కొట్టిపారేయకూడదు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. బళ్లారిలో 1961లో వైద్య కళాశాల, మైసూరులో 1965లో వాక్ శ్రవణ సంస్థ వచ్చాయి. 1975లో మొదలైన అంగన్‌వాడీలు బిడ్డను తూకం వేయడం నేర్పాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వినికిడి లోపాన్ని, అంగిలి చీలికను, మాట ఆలస్యాన్ని పరీక్షల జాబితాలో చేర్చింది. నా దృష్టిలో ఇదే పెద్ద మలుపు: బిడ్డ ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, వైద్య బృందమే ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వెళ్లాలన్న నియమం పెట్టింది.

సరిహద్దు చిక్కు మాత్రం తీరలేదు. తెలుగింటి బిడ్డ 'పాలు' అంటే, కన్నడంలో 'హాలు' కోసం ఎదురుచూసే చెవికి అది తప్పుగా తోచవచ్చు. రెండు భాషలు వినడం వల్లే మాట ఆలస్యమైందని సర్దిచెప్పడం దీనికంటే ప్రమాదం. రెండు భాషలు మాటను ఆపవు. బిడ్డకు వచ్చిన మాటల్ని రెండింట్లోనూ కలిపి లెక్కించాలి. నిజంగా లోపముంటే అది రెండింట్లోనూ కనబడుతుంది.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాట పోయినా ఆగకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో పరీక్షించేవారికి చెప్పి, ఆ భాషలోనూ చూడమని అడగండి.