ఒకే దర్వాజా, ఒకే జీనా



2025 మే 18, ఆదివారం. ఫజర్ నమాజ్ అయిపోయి, చార్మినార్ చుట్టుపక్కల చాయ్ గిన్నెలు పొయ్యెక్కుతున్న వేళ. ఆరు దాటిన కొద్దిసేపటికి ఫైర్ కంట్రోల్ రూముకు ఫోను పోయింది. గుల్జార్ హౌజ్ దగ్గర వందేళ్ల నాటి ఒక ఇల్లు. కింద నగల దుకాణాలు, పైన ఒక వ్యాపార కుటుంబం. ఎండాకాలం సెలవులకు చుట్టాలు, పిల్లలు వచ్చి ఉన్నారు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. 17 మంది. అందులో 8 మంది పిల్లలు.

నేను అఖ్బార్ పనివాణ్ని. ఇరవై ఏళ్లుగా ఇలాంటి చోట్లకు పోవడమే నా పని. అయినా ఆ రోజు తడిసిన రోడ్డు మీద నిలబడి నోట్‌బుక్ తీయలేకపోయాను. ఆ ఇంటివాళ్లు హిందువులు. షట్టర్లు పగలగొట్టి లోపలికి పోవాలని తెగించిన వాళ్లలో మన మొహల్లా కుర్రాళ్లున్నారు. మసి పట్టిన చేతులతో అరుగు మీద కూచున్న ఒక కుర్రాడు నాతో ఒకే మాటన్నాడు: "భాయ్, లోపలికి పోయే దారే లేదు."

అధికారులు తర్వాత చెప్పింది కూడా అదే. షార్ట్ సర్క్యూట్‌తో మొదలై ఉంటుందన్నారు. లోపలికి పోవడానికి సొరంగం లాంటి రెండు మీటర్ల దారి. పైకి ఎక్కడానికి ఒక మీటరు వెడల్పు జీనా. ఒకటే దర్వాజా, ఒకటే జీనా. మంట కింద పుట్టింది, ధువాఁ పైకి పోయింది. పడుకున్న వాళ్లు పడుకున్నట్టే ఉండిపోయారు.

ఈ వ్యాసం ఆ ఇంటి గురించి కాదు. మీరూ నేనూ ఉంటున్న ఇళ్ల గురించి. అయితే అక్కడికి చేరడానికి కొంచెం తారీఖ్ చెప్పాలి.

గుల్జార్ హౌజ్ అంటే నీళ్ల చోటు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించిన తర్వాత దానికి ఉత్తరాన నాలుగు కమాన్లు లేచాయి. వాటి నడుమ ఈ హౌజ్ వచ్చింది. షహర్ నడిబొడ్డున నాలుగు దిక్కుల నుంచి వచ్చే మనుషులకు, గుర్రాలకు అక్కడ నీళ్లు దొరికేవి. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ హౌజ్ రోడ్డు మధ్యలో ఇంకా ఉంది. దాని పక్కనే 17 మంది పోయారంటే నీళ్లు లేక కాదు, నీళ్లు చేరే దారి లేక.

నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదివినవాణ్ని. దీనియాత్ క్లాసులో మా ఉస్తాద్ ఒక హదీస్ చెప్పేవారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయింది. ఆ ఖబర్ విన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), నిప్పు మీకు దుష్మన్ అనీ, పడుకునే ముందు దాన్ని ఆర్పేయండనీ చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉందిది. ఇంకో రివాయత్‌లో కారణం కూడా ఉంది: చిన్న ఎలుక దీపం వత్తిని లాక్కుపోయి ఇంటిల్లిపాదినీ కాల్చేయగలదు. పిల్లలప్పుడు ఆ ఎలుక మాట వచ్చినప్పుడల్లా నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వు రాదు. ఆ ఎలుకే ఇప్పుడు గోడలోపలి పాత వైరింగును కొరుకుతోంది.

చూడండి, పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ల కింద ఆ హుకుం వచ్చింది బజారుకు కాదు, మహలుకు కాదు. మామూలు కాపురం ఉండే ఇంటికి, అదీ రాత్రి నిద్ర వేళకు.

నిద్ర కాసే బందోబస్తు పాత షహర్‌లో ఒకప్పుడు ఉండేది. మా నానీ ఇంటి గల్లీలో రాత్రి చౌకీదార్ లాఠీ నేల మీద కొడుతూ తిరిగేవాడు. రమజాన్‌లో సెహ్రీకి లేపేవాళ్లు డప్పు కొట్టుకుంటూ ప్రతి దర్వాజా ముందు ఆగేవాళ్లు. ఎవరింట్లో ధువాఁ లేచినా గల్లీ మొత్తం లేచేది. పెద్ద దేవిడీల్లో సహన్ ఉండేది, పైన ఆకాశం ఉండేది. పొగ పైకి పోయేది, మనిషి సహన్‌లోకి ఉరికేవాడు. మర్దానా వైపు ఒక దర్వాజా, జనానా వైపు ఇంకొకటి. ఆ రోజులు బంగారమని నేననను. పేదవాడి పూరి గుడిసె అప్పుడూ కాలింది. కానీ దేవిడీ కట్టిన మేస్త్రీకి గాలి సంగతి, దారి సంగతి తెలుసు.

ఈ షహర్‌కు ఖానూన్ ఎప్పుడు వచ్చినా మయ్యత్‌ల తర్వాతే వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. పత్తర్‌గట్టీ కమాన్లు ఆ బోర్డు కట్టించినవే. నీటి గండానికి షహర్ జవాబు చెప్పుకుంది. పొగ గండానికి ఇంకా చెప్పుకోలేదు.

మరి ఇళ్లేమయ్యాయి? విరాసత్ పంపకాల్లో సహన్ మీద గదులు లేచాయి. ఒక దేవిడీ ఆరు కాపురాలైంది. జీనా మాత్రం ఒక్కటే మిగిలింది. దొంగల ఖౌఫ్‌తో కిటికీలకు, బాల్కనీకి గ్రిల్లులు బిగించాం. కింది అంతస్తు దుకాణానికో గోదాముకో కిరాయికి ఇచ్చాం. పాత వైరు మీదే ఏసీలు, ఇన్వర్టర్లు, ఇప్పుడు బ్యాటరీ బండ్ల చార్జింగు.

ఇది ఒక్క గుల్జార్ హౌజ్ కథ కాదు. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బిహారీ కూలీలు పోయారు. వాళ్లు పైన పడుకున్నారు, మంట కింద లేచింది. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పై గదుల్లో 8 మంది పోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు. 9 మంది మన బిరాదరీ వాళ్లు, పిల్లలతో సహా. ఆ జనాజాల్లో నేనూ నిలబడ్డాను. అన్నిటిలోనూ కింద సరుకు, పైన మనుషులు, మధ్యలో ఒక జీనా.

ఖానూన్ లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన ఫైర్ సర్వీస్ చట్టమే తెలంగాణలోనూ నడుస్తోంది. దాని ప్రకారం 15 మీటర్లు దాటిన వ్యాపార భవనాలకు, 18 మీటర్లు, ఆపైన ఉన్న నివాస భవనాలకు ఫైర్ శాఖ ఎన్వోసీ కావాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, షాదీఖానాల లాంటి జనం చేరే చోట్లకు ఇంకా తక్కువ ఎత్తుకే కావాలి. ఇప్పుడు మీ ఇల్లు కొలిచి చూడండి. రెండు, మూడు అంతస్తులు, తొమ్మిది పది మీటర్లు. జల్లెడలోంచి పిండి జారినట్టు మన మొహల్లాలు ఆ ఖానూన్‌లోంచి జారిపోయాయి. మన ఇంట్లో ధువాఁ పసిగట్టే గంట ఉందా అని అడిగే ఇన్‌స్పెక్టర్ ఎవరూ రారు.

చికాగోలో ఉండే మన హైదరాబాదీలను అడగండి. బైంగన్‌కు బఘార్ వేస్తే చాలు, పైకప్పుకున్న గంట మొత్తుకుంటుంది, తువ్వాలు ఊపుతూ ఉరుకుతామని నవ్వుతారు. ఆ గంట అక్కడ ఎవరి ఇష్టమూ కాదు. ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం ప్రకారం పడుకునే ప్రతి గదికీ 15 అడుగుల లోపల ఒక స్మోక్ డిటెక్టర్ ఉండాలి. కిరాయి ఇంట్లో దాన్ని పెట్టించే జిమ్మేదారీ మకాన్‌దారుది. నొక్కి చూసుకుంటూ, చెడిపోతే చెప్పే జిమ్మేదారీ కిరాయిదారుది. ఇంగ్లండులో 2015 నుంచి కిరాయి ఇళ్లలో కాపురం ఉన్న ప్రతి అంతస్తుకూ కనీసం ఒకటి ఉండాలని హుకుం.

అదే ఇంగ్లండులో 2017 జూన్ 14 రాత్రి గ్రెన్‌ఫెల్ టవర్ కాలింది. 72 మంది పోయారు. అది రమజాన్ నెల. తరావీహ్ అయి, సెహ్రీ కోసం మేలుకుని ఉన్న ముస్లిం కుటుంబాలు పొరుగువాళ్ల తలుపులు కొట్టి లేపాయని అప్పట్లో అఖ్బార్లన్నీ రాశాయి. చదివినప్పుడు మా గల్లీ డప్పు గుర్తొచ్చింది. కానీ ఏడాదిలో రమజాన్ ఒక నెలే. మిగతా పదకొండు నెలలు ఎవరు లేపాలి?

ఆ గంట చేసేది ఇదే. మనిషి నిద్రలో ఉంటే ముక్కు కూడా నిద్రపోతుంది. పొగ వాసన మనల్ని లేపదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రను ఇంకా గాఢం చేస్తుంది. డిటెక్టర్ డబ్బాలో చిన్న వెలుగు కిరణం ఉంటుంది. పొగ రేణువులు దానికి అడ్డొచ్చి వెలుగును చెదరగొడతాయి. ఆ చెదిరిన వెలుగు కంటికి తగలగానే గంట మోగుతుంది. 1930లలో స్విట్జర్లాండులో వాల్టర్ యేగర్ అనే శాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే యంత్రం చేయబోయి విఫలమయ్యాడు. విసుగొచ్చి సిగరెట్ వెలిగిస్తే ఆ పొగకు యంత్రం కదిలింది. అక్కణ్నుంచి ఇంట్లో పెట్టుకునే బ్యాటరీ గంట దాకా రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. పనిచేసే గంట ఉన్న ఇళ్లలో మంటల వల్ల చనిపోయే ముప్పు సగానికి పైగా తగ్గిందని అమెరికా లెక్కలు చెబుతున్నాయి.

గుల్జార్ హౌజ్ తర్వాత వారం నేను రెండు కొన్నాను. ఒకటి పడక గదుల బయట, ఒకటి జీనా పైన. మాది కిరాయి ఇల్లు. జీనా మీద పెడతానంటే మకాన్‌దారు సాబ్ ముఖం చిట్లించారు. "మియాఁ, ముప్పై ఏళ్లుగా ఏం కాలేదు. మౌత్ రాసి ఉంటే గంట ఆపుతుందా?"

నేను బహస్ చేయలేదు. పెద్దవారు. "చచ్చా, దొంగలు వస్తారని మీరు మూడు తాళాలు వేస్తారు కదా. అది తక్దీర్ మీద భరోసా లేక కాదు కదా," అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రెండో రోజు స్టూలు ఆయనే పట్టుకున్నారు. ఇంకో వారానికి జీనా కింద పేర్చిన పాత కూలర్, పరుపులు ఖాళీ అయ్యాయి. అడగకుండానే.

మొదటి జుమ్మా నాడే మా బేగం బగారా అన్నానికి పోపు వేస్తే గంట మోగింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. అప్పుడు తెలిసింది, వంటింటికి మరీ దగ్గరగా పెట్టకూడదని. కొంచెం జరిపాం. చాలామంది చేసే తప్పు ఒకటుంది, విసుగొచ్చి బ్యాటరీ పీకేయడం. బ్యాటరీ లేని గంట తావీజు లాంటిది కూడా కాదు, ఖాళీ డబ్బా.

కాబట్టి నా గుజారిష్ ఇది. పైకప్పుకు ఒక గంట పెట్టండి. నెలకోసారి, చాంద్ కనిపించిన రోజే అనుకోండి, బటన్ నొక్కి చూడండి. పదేళ్లకు మార్చండి. ఒక గ్రిల్లుకైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించి, తాళంచెవి దాని పక్కనే, పిల్లలకు తెలిసేలా వేలాడదీయండి. బ్యాటరీ బండిని రాత్రి జీనా కింద చార్జింగ్ పెట్టకండి. కిరాయి కాగితంలో కరెంటు బిల్లు, అడ్వాన్సు రాసుకుంటాం కదా, ఈ గంట మాట కూడా ఒక లైను రాయండి. మస్జిద్ కమిటీ వాళ్లు జుమ్మా తర్వాత రెండు నిమిషాలు దీని గురించి మాట్లాడితే సవాబే.

హుకూమత్ చిన్న ఇళ్లకూ ఖానూన్ తేవాలి. కిరాయి ఇళ్లకు ముందుగా తేవాలి. అడుగుదాం, అడుగుతూనే ఉందాం. అది వచ్చేదాకా మన పిల్లల నిద్ర మనకు అమానత్.

ఇప్పటికీ గుల్జార్ హౌజ్ మీదుగా పోతే నా కళ్లు నీళ్ల వైపు పోవు. ఇళ్ల వైపు పోతాయి. దర్వాజాలు లెక్కపెడతాను. ఒకటి. ఒకటి. ఒకటి.

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంటివి మీరు ఒకసారి లెక్కపెట్టండి. ఖుదా హాఫిజ్.