సెల్ఫ్ కొడుతోంది, కారు స్టార్ట్ కావట్లేదా? కీ చూసుకోండి

2000 తర్వాత వచ్చిన చాలా కార్లలో కీ తలలో చిన్న చిప్ ఉంటుంది. మారుతీ కార్లలో ఈ దొంగతన నిరోధక ఏర్పాటును ఐక్యాట్స్ అంటారు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ చిప్ కోడ్‌ను చదువుతుంది. కోడ్ కలవకపోతే కంప్యూటర్ ఇంజన్‌ను నడవనివ్వదు. మీటర్‌లో హెచ్చరిక లైటు మెరుస్తుంది.

ముందు కీచైన్‌లోంచి మిగతా కీలు, ముఖ్యంగా వేరే బండి చిప్ కీ తీసేసి చూడండి. తర్వాత రెండో కీ పెట్టండి. దాంతో స్టార్ట్ అయితే మొదటి చిప్‌లోనే లోపం. రెండూ పనిచేయకపోతే బ్యాటరీ, తర్వాత కాయిల్ వైరింగ్ చూపించాలి. చిప్‌కు సెల్ అవసరం లేదు కాబట్టి రిమోట్ సెల్ మార్చినా లాభముండదు.

చిప్ లేని డూప్లికేట్ కీ తలుపు తీస్తుంది గానీ ఇంజన్ నడపదు. అందుకే సెకండ్ హ్యాండ్ కారుకు రెండు కీలతోనూ స్టార్ట్ చేసి చూశాకే బయానా ఇవ్వండి.