నమ్మినవారు - నమ్మదగినవాడు
(నెల్లూరు తీరపు క్రైస్తవ సంఘ చరిత్రమున నొక విచారము)

తెలుగున ‘నమ్ము’ ధాతువు రెండు దిక్కుల జూచును. నమ్మువాని చిత్తవృత్తిని నమ్మకమందుము. నమ్మదగినవాని గుణమును జెప్పవలసినప్పుడును ఆ ధాతువునే యాశ్రయింతుము. గ్రీకున ‘పిస్టిస్’ శబ్దమునకును ఈ రెండర్థములు కలవు. హీబ్రూ భాషలో స్థైర్యమును దెలుపు ధాతువునుండియే విశ్వాస్యతావాచకమగు ‘ఎమూనా’ శబ్దమును, ప్రార్థనాంతమున బలుకు ‘ఆమేన్’ శబ్దమును బుట్టినవి. క్రైస్తవులకు వీనిలో రెండవ యర్థమే మూలము. మనుష్యుని నమ్మకము చలించినను దేవుని విశ్వాస్యత చలింపదనియు, దానిని బట్టియే మనుష్యుడు తానెవడో యెఱుగుననియు వారి సిద్ధాంతము. నెల్లూరు సీమలో నీ సిద్ధాంతమునకు గలిగిన పరీక్షను జూపుట యీ వ్యాసోద్దేశము.

అమెరికా బాప్టిస్టు మిషనరీ యగు శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. 1849లో లైమన్ జ్యూయెట్ ఆయనకు తోడయ్యెను. ఫలము మిక్కిలి స్వల్పము. 1853లో ఆల్బనీ నగరమున గూడిన సభలో నీ మిషనును విడిచిపెట్టుదమా యను చర్చ పుట్టెను. ఆ సందర్భముననే శామ్యూల్ స్మిత్ దీనిని ఒంటరి నక్షత్రముగా భావించి పద్యములు రచించెను. ఆ పేరే నిలిచెను. 1854 జనవరి 1వ తేదీ ప్రాతఃకాలమున ఒంగోలు కొండపై జ్యూయెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు అను నైదుగురు ప్రార్థించిరి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది; 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు వేఱయ్యెను. 1862లో మరల నదే ప్రస్తావము వచ్చినను జ్యూయెట్ వెనుదీయలేదు. తమ ఫలమును జూచుకొని ధైర్యము దెచ్చుకొనుటకు వారికడ నేమియు లేకుండెను. వాగ్దానము చేసినవాడు మాట తప్పడను నదియే వారి మూలధనము.

1866లో ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. ఆయన మాదిగ కులస్థుడు. అంతకుముందు యోగమార్గము నభ్యసించినవాడు. ఆ యేటనే జాన్ క్లౌ ఒంగోలున నిలిచెను. మాదిగలను జేర్చుకొన్నయెడల అగ్రవర్ణములవారు దూరమగుదురను సంకటము ఆయనకు గలిగెను. ఆ రాత్రి ఆయనయు, ఆయన భార్యయు వేఱువేఱుగా గ్రంథము తెఱవగా, ఇరువురకును కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలోని తొలి యధ్యాయమే కన్పట్టినదని ఆయన చెప్పుకొనెను. లోకము హీనులనువారిని దేవుడేర్పఱచుకొనెనను మాట అందు గలదు. అదే యధ్యాయమున, దానికి ముందే, దేవుని విశ్వాస్యత చెప్పబడినది. ఈ పౌర్వాపర్యము గమనింపదగినది. ఏర్పాటు నిలుచుట ఏర్పఱచినవాని విశ్వాస్యతచేతనే గాని, ఏర్పడినవాని కులముచేత గాదు.

గ్రామమున మాదిగకు గుర్తింపు అతడు చేయు సేవవలననే కలుగుచుండెను: చెప్పులు కుట్టుట, జాతరలలో డప్పు వాయించుట, మోటకు తోలు సమకూర్చుట. క్రొత్తగా జేరువారికి క్లౌ మూడు నియమములు విధించెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వీనిని బాటించినవారు గ్రామాధికారుల కోపమునకు గుఱియైరి. ఐనను పేరయ్య తన యింటిపేరును గాని పేరును గాని మార్చుకొనలేదు. మాఱినది పిలుపు గాదు, ఆ పిలుపునకు వెనుకనున్న యాధారము.

ఇక ప్రబలమగు నాక్షేపము. 1876-78 క్షామమున వీరు అన్నముకొఱకే మతము మార్చుకొనిరని పలువురందురు. ఆ కాలమున క్లౌ బకింగుహాం కాలువలో సుమారు 3 మైళ్ల త్రవ్వకపు గుత్త తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కాని ఆకలిచేత వచ్చినవారిని విశ్వాసులని భ్రమింపకుండుటకై పదునైదు నెలలు ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సాయము ముగిసిన పిమ్మటనే 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దేశీయ బోధకులు ఆఱుగురు ఇద్దఱిద్దఱుగా వంతులవారీ నా కార్యము నడపిరి. క్షామోపకారము వారి మనస్సు లాకర్షింపలేదనుట సాహసము. అందఱి యాంతర్యమును ఒక్కటే యనుటయు సాహసమే. ఐనను మన్నము లేనినాడు కాక, వర్షము కురిసి పొలముల పని మరల దొరకిననాడు వచ్చినవారిని అన్నార్థులని మాత్రము చెప్పుట న్యాయముగాదు.

1872లో తీరముననున్న రామాయపట్టణమున వేదాంత పాఠశాల నెలకొనెను. నిన్నటివఱకు చదువునకు దూరమైనవారు అచ్చట గ్రంథము చేతబట్టిరి. ఐనను సంఘములో కులభేదము పూర్తిగా నశింపలేదు. మాల మాదిగల యెడము చర్చి గోడలలోపలను నిలిచెను. ఇది నమ్మినవారి లోపము. దాని నొప్పుకొనుటచేత సిద్ధాంతము చెడదు, దాని న్యాయమే తెల్లమగును. తాము నమ్మినదానికి దాము దప్పినను, నమ్మదగినవాడు దప్పడను నమ్మకముననే వారు మరల మరల లేచుచు వచ్చిరి. కొండపై నైదుగురు, నదిలో 2,222 మంది: ఈ రెండు సంఖ్యలలో నేదియు వారికి దామెవరో చెప్పలేదు. ఒకే ధాతువునుండి పుట్టిన యీ రెండు పదములలో ఏది ముందు, ఏది వెనుక యను విషయమును విజ్ఞులు విచారింతురు గాక.