రాకాసి గుళ్ల కప్పురాళ్లు

మేం చదివిన సాంఘిక శాస్త్రం పుస్తకంలో పాత రాతియుగం, కొత్త రాతియుగం కలిపి ఒకటిన్నర పేజీ. తిప్పితే హరప్పా. ‘‘మన దగ్గర ఏమీ లేవాండీ మాస్టారూ?’’ అని అడిగాను. ‘‘పర్ణశాల ఉందిగా’’ అన్నారాయన. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ కోయ మిత్రుడు మాత్రం హాస్టలుకి వెళ్తూ చెప్పాడు: ‘‘మా అమ్మమ్మ ఊరి పక్కన రాకాసి గుళ్లున్నాయిరా. రాక్షసులు కట్టారంట.’’

వాడితో కలిసి వాటిని చూడటానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. మణుగూరు దాటాక, పినపాక మండలం జానంపేట. అడవిలో ఎటు చూసినా నిలబెట్టిన ఇసుకరాతి పలకలు, వాటిమీద మంచంలాంటి కప్పురాళ్లు. కొన్నింటి లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టెలు. అవి గుళ్లు కావు, సమాధులు. 1860లలోనే ముల్‌హెరాన్ అనే ఇంగ్లీషువాడు ఈ గోదావరి ఒడ్డు సమాధుల గురించి రాశాడు. మన పాఠ్యపుస్తకానికే ఆ కబురు అందలేదు.

ఇవి ఇనుప యుగానివి. దక్కనులో ఇలాంటివాటి కాలం స్థూలంగా క్రీ.పూ. 1000 నుంచి క్రీస్తు శకం మొదలయ్యేదాకా. కానీ కథ అంతకన్నా ముందే మొదలైంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. అది కాలిన పేడ. అడుగున గుంజలు పాతిన దడి గుంటలు, పశువుల గిట్టల ముద్రలు కనిపించాయి. క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలోనే ఇక్కడి జనం మందలు కాశారు. ఆ కాలపు దక్కను ఊళ్లలో దొరికిన మాడిన గింజల్లో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు ఉన్నాయి. మన కోయగూడేల్లో ఇప్పటికీ వండుకునేవే! మందలు, గింజలు మిగిలాక ఎవరివి ఎక్కువ, ఎవరివి తక్కువ అన్న లెక్క వస్తుంది. మిగులుంటేనే పది ఊళ్లను పిలిచి పనిచేయించి అన్నం పెట్టగలం.

ఇక్కడ నా ఇంజనీరు బుద్ధి ఊరుకోలేదు. ఒక కప్పురాయికి టేపు పెట్టాను. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2.2, మందం 30 సెంటీమీటర్లు. అంటే దాదాపు 2 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.3 టన్నులు వేసుకున్నా 4.6 టన్నులు. నేలమీద ఈడ్చాలంటే ఇందులో సగం బరువుకు సమానమైన లాగుడు కావాలి. మనిషి నిలకడగా లాగేది పాతిక కిలోలు అనుకుంటే తొంభై మందికి పైనే. కింద దుంగలు వేసి దొర్లిస్తే పాతిక ముప్ఫై మందితో కదలొచ్చు. కానీ దుంగలు మార్చేవాళ్లు, దారి చదును చేసేవాళ్లు, మట్టి వాలు కట్టేవాళ్లు, వండేవాళ్లు వేరు. జానంపేటలో అలాంటి రాయి ఒక్కటి కాదు. క్రేను లేని సైటులో ఇంతమందిని ఒక మాటమీద నడిపించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అయితే ఆ మాట రాజుదేనా? అవసరం లేదంటాను. పక్కనే బస్తర్‌లో మారియాలు రాజాజ్ఞ లేకుండానే, బంధువులందరూ కూడి, విందు పెట్టుకుని, చనిపోయినవారి పేర రాళ్లు నిలబెట్టారు. కానీ ఊళ్లో పోయిన ప్రతివాడికీ 4.6 టన్నుల రాయి ఎత్తలేరు కదా! ఎవరికి ఎత్తాలో తేల్చుకున్న రోజే ఎక్కువ తక్కువలు రాతిలో పడ్డాయి. ఇదే గోదావరి ఎగువన కోటిలింగాలలో శాతవాహనులకు ముందే గోభద, సమగోప అనే రాజుల నాణేలు దొరికాయి. పెద్దమనిషి రాజయ్యే దారి ఈ నది వెంటే నడిచింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోడ్డు పనిలో గుండ్రంగా పేర్చిన బండలు అడ్డం వచ్చాయి. పగలగొట్టించాం. కంకర కలిసొచ్చిందని కాంట్రాక్టరు సంబరపడ్డాడు. కింద లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండ పెంకులు తేలాయి. ‘‘ఎవరిదో సమాధి బాబూ’’ అంది తట్ట మోసే ఆవిడ. నేను విని ఊరుకున్నాను. ఎం.బుక్కులో కొలతలు రాసి సంతకం పెట్టింది నేనే. ఆ నలుపు ఎరుపు కుండలే ఆ సమాధుల గుర్తు అని ఏళ్ల తర్వాత చదివాను. ఆ సంతకం ఎక్కడో ఫైల్లో ఇంకా ఉండే ఉంటుంది.

నాగార్జునకొండను సాగర్ ముంచకముందు 1954 నుంచి ఆరేళ్లు తవ్వి చూశారు. 2014 దాకా మన జిల్లాలోనే ఉన్న వేలేరుపాడు మండలం రుద్రమకోట సమాధులు ఇప్పుడు పోలవరం ముంపులో ఉన్నాయి. జానంపేట రాళ్లకు నీటి భయం లేదు, నాలాంటివాళ్ల భయమే.

జూబ్లీ సభ అయ్యాక ఒక ఆదివారం మన బడి పదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. దారి చూపించడానికి మా వెనక బెంచీ మిత్రుడు ఒప్పుకున్నాడు. టేపు నేను తెస్తాను. సాంఘిక శాస్త్రం టీచర్లు కూడా రావాలని మనవి.