శబ్దానికి కళ్ళెం

సభలో మైకు ఉన్నట్టుండి కీచుమని కూత పెట్టటం మనమందరం ఎరిగినదే. లౌడ్‌స్పీకరు నుంచి వెలువడిన ధ్వని తిరిగి మైకులో ప్రవేశించి, పెద్దదై వెలువడి, మరల ప్రవేశిస్తుంది. స్వరాన్ని పెద్దది చేయటం సులభమే. పెద్దదైన దానిని అదుపులో నిలపటమే కష్టం. ఆంప్లిఫయరు చరిత్ర ఈ అదుపు కొరకు జరిగిన కృషి.

హైదరాబాదులో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో ప్రసారాలు ఆరంభించినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో విలీనమైనది. ఆ కాలపు ఆంప్లిఫయర్లకు ప్రాణం గాజు వాల్వులు. వాల్వు పాతబడినకొద్దీ దాని బలం మారేది; ధ్వనిలో వికృతి చేరేది.

ఈ చిక్కుకు విరుగుడు అంతకు పూర్వమే అమెరికాలో దొరికినది. దూరపు టెలిఫోను తీగల కొరకు శ్రమిస్తున్న హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు 1927 ఆగస్టు 2న పడవలో ఉద్యోగానికి పోతూ, చేతిలోని వార్తాపత్రిక మీదనే దానిని గీసుకొన్నాడు. వెలువడిన ధ్వనిలో కొంత భాగాన్ని మొదటికి తెచ్చి, వచ్చే ధ్వనికి ఎదురుగా నిలపాలి. ఇదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. దీనివల్ల బలం తగ్గుతుంది. కాని మిగిలినది నిలకడగా, నిర్మలంగా ఉంటుంది. బలాన్ని వదులుకొని నిజాన్ని దక్కించుకోవటమే ఇందలి మర్మం.

అయితే ఈ కళ్ళెం ఆలస్యంగా అందితే ప్రమాదమే. హెచ్చు శ్రుతులలో తిరిగివచ్చే భాగం వెనుకబడి, ఎదురు నిలవవలసినది తోడై నిలిస్తే, ఆంప్లిఫయరు తనంతట తానే కూయసాగుతుంది. ఎప్పుడు కూస్తుందో, ఎప్పుడు కూయదో తేల్చే నియమాన్ని 1932లో నైక్విస్ట్ ప్రకటించాడు.

గణితం చేసే యంత్రాల కొరకు రూపొందిన ఈ జాతి ఆంప్లిఫయరుకు 1947లో ‘ఆపరేషనల్ ఆంప్లిఫయరు’ అన్న పేరు స్థిరపడినది. 1965లో బాబ్ విడ్లర్ రూపొందించిన 709 అనే చిప్పుకు కూత ఆపే కెపాసిటరును బయట అమర్చవలసి వచ్చేది. 1968లో డేవ్ ఫుల్లగర్ రూపొందించిన 741లో 30 పికోఫారడ్ల కెపాసిటరు లోపలనే ఇమిడినది. నిలకడ చిప్పుతోనే రాసాగినది.

ఆ సంవత్సరాలలోనే, 1967 ఏప్రిల్ 11న, హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. సంస్థ నెలకొన్నది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి సారథి. 1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నేడు ఆ హైటెక్ సిటీ పరిసరాలలో చిప్పులను రూపొందించే ఇంజనీర్లు అనేకులు. పరికరాలు మారినవి; నైక్విస్ట్ నియమం మారలేదు.

కూతను ఆపినా, రొద మిగులుతుంది. ప్రతి రెసిస్టరులోనూ ఉష్ణం వల్ల ఎలక్ట్రానులు కదలుతూ ఉంటాయి. వేయి ఓముల రెసిస్టరు ఒక్కటే మన చెవికి వినవచ్చే మేరలో సుమారు అర మైక్రోవోల్టు రొదను పుట్టిస్తుంది. మొదటి మెట్టు స్వరాన్ని నూరు రెట్లు చేస్తే, రెండవ మెట్టు రొద దాని ముందు నూరవ వంతుగానే లెక్కకు వస్తుంది. మొదటి మెట్టులో కలిసిన రొద మాత్రం స్వరంతోపాటే నూరు రెట్లు పెరుగుతుంది. కనుక మొదటి మెట్టునే శ్రద్ధగా కట్టాలి: రెసిస్టర్లు చిన్నవి, తీగలు పొట్టివి, చిప్పు తక్కువ రొద గలది కావాలి.

ఇది ఇంజనీర్లకే పరిమితమైన మాట కాదు. మన ఇండ్లలో పెద్దల కంఠాలు దాచుకొన్న పాత క్యాసెట్లు ఉన్నవి. వాటి నుంచి వచ్చే సంకేతం ఒక మిల్లీవోల్టుకు లోపే. వాటిని కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు నాసిరకం యంత్రం వాడితే, ఆ రొద కంఠంతో కలిసి శాశ్వతమవుతుంది. తరువాత ఎంత వడబోసినా, రొదతోపాటు కంఠంలోని సన్నని మెలికలూ కొన్ని పోక తప్పదు. టేపు ఏటేటా క్షీణించేదే. మంచి యంత్రాన్ని వెదకి, ఒక్కసారి, శ్రద్ధగా ఎక్కించటం మేలు.